పిలవని కాగితం, అడగని సందేశం

మాదన్నపేట సందుల్లో తెల్లవారేసరికి ఇంటి గడప మీద రెండు రకాల కాగితాలు పడి ఉంటాయి. ఇంటివారు డబ్బు కట్టి తెప్పించుకునే వార్తాపత్రిక మొదటిది. దాని మడతలోంచి జారిపడే కరపత్రాలు రెండవది. పత్రిక చదివే తీరిక లేని రోజు ఉంటుంది గాని, కరపత్రం రాని రోజు అరుదు. బంగారం మీద అప్పు, నగర శివార్లలో ప్లాటు, పిల్లలకు కోచింగు, మోకాళ్ల నొప్పికి మందు, కొత్తగా తెరచిన బిర్యానీ హోటలు, ఇవన్నీ పిలవకుండానే వస్తాయి. మధ్యాహ్నం తపాలాలో మరికొన్ని కవర్లు వస్తాయి. జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగేవారి చేతుల్లోకి ఇంకొన్ని చేరతాయి. ఇక జేబులోని ఫోను సంగతి చెప్పనక్కరలేదు.

ఈ నెల శీర్షిక కోసం మేము ఒక చిన్న పని చేశాము. వారం రోజుల పాటు ఇంటికి వచ్చిన ప్రతి ప్రకటన కాగితాన్నీ పారవేయకుండా ఒక సంచిలో వేశాము. వారం చివర సంచి బోర్లించి మూడు కుప్పలు చేశాము. ఇంటికి నిజంగా పనికివచ్చేవి మొదటి కుప్ప. అందులో కూరగాయల మండి దగ్గరి కుట్టుపని దుకాణం చీటీ ఒక్కటే నిలిచింది. ఏ పేరూ లేకుండా వీధి మొత్తానికి పంచినవి రెండవ కుప్ప. అదే అన్నిటికంటె పెద్దది. ఇంటివారి పేరు, ఇంటి నంబరు అచ్చువేసి మరీ పంపినవి మూడవ కుప్ప. మమ్మల్ని ఆలోచనలో పడవేసింది ఈ మూడవ కుప్పే. మన పేరు వారికి ఎవరు చెప్పారు? మన తలుపు తట్టే అనుమతి వారికి ఎవరిచ్చారు?

అనుమతి అన్న మాట మనకు కొత్తది కాదు. ఇతరుల ఇళ్లలోకి ఇంటివారి సమ్మతి పొందకుండా, వారికి సలాం చెప్పకుండా ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్ అన్-నూర్ సూరాలోని 27వ ఆయతు ఆదేశిస్తున్నది. తిరిగి వెళ్లమని ఇంటివారు అంటే నొచ్చుకోకుండా వెళ్లిపోవడమే శ్రేష్ఠమని ఆ తరువాతి ఆయతు బోధిస్తున్నది. అదే సూరాలోని 58వ ఆయతు మరింత సూక్ష్మంగా వెళ్లి, ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత సొంత ఇంటి పిల్లలు సైతం అనుమతి అడిగే లోపలికి రావాలని నేర్పుతున్నది. అనుమతి కోరే నియమం పెట్టినదే చూపును అదుపు చేయడానికని దైవప్రవక్త (సఅసం) వివరించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. గడప దాటేది మనిషి కాలు ఒక్కటే కాదు, చూపు కూడా దాటుతుంది. నేటి కాలంలో ఆ చూపు మన ఫోను నంబరు పట్టుకుని వస్తున్నది.

ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచన అవసరమా, చించి చెత్తబుట్టలో వేస్తే సరిపోదా అని పాఠకులలో కొందరు అడగవచ్చు. చెత్త పెరగడం ఇందులోని చిన్న నష్టం మాత్రమే. పెద్ద నష్టం మరొకటి ఉన్నది. పనికిమాలిన కాగితాల గుట్టలో పనికివచ్చే కాగితం మునిగిపోతుంది. పాతబస్తీ ఇళ్ల తీరు మనకు తెలిసినదే. ఒకే ఇంట్లో అంతస్తుకొక కుటుంబం అద్దెకు ఉంటుంది. అందరి ఉత్తరాలూ కింది మెట్ల దగ్గరే పడతాయి. చిరునామాలో ఇంటి నంబరు కన్నా ఫలానా మస్జిదు పక్కన అన్న గుర్తే పోస్ట్‌మాన్‌కు ఎక్కువగా దారి చూపుతుంది. అటువంటి మెట్ల మీద పాస్‌పోర్టు కవరు, కోర్టు నోటీసు, బ్యాంకు లేఖ, అప్పుల ప్రకటనలు అన్నీ కలిసి పడి ఉంటాయి.

మా పేటలోనే ఒక వృద్ధురాలి విషయం చెబుతాము. భర్త మరణానంతరం వచ్చే కుటుంబ పింఛనే ఆమెకు ఆధారం. పింఛనుదారులు ఏటా నవంబరులో తాము సజీవంగా ఉన్నట్లు ధ్రువపత్రం సమర్పించాలి. దానిని గుర్తుచేస్తూ వచ్చిన లేఖను ఇంట్లోని పిల్లలు మరో అప్పు ప్రకటన అనుకుని పాత కాగితాలలో కలిపివేశారు. పింఛను ఆగిన తరువాత గాని సంగతి తెలియలేదు. ధ్రువపత్రం ఇచ్చాక పింఛను తిరిగి వచ్చింది, నిజమే. కాని ఆ మధ్య నెలల్లో మందుల దుకాణంలో అరువు పెట్టవలసి వచ్చింది. ఎవరి ముందూ చేయి చాచని ఆ దాదీకి అదెంత కష్టమో ఊహించగలము.

ఫోను విషయంలో ముప్పు మరింత తీవ్రం. రోజుకు పదిసార్లు అబద్ధపు గంట మోగితే నిజమైన గంటను ఎవరూ పట్టించుకోరు. లేదా దీనికి విరుద్ధంగా, ప్రతి గంటనూ నిజమని నమ్మే అమాయకులు చిక్కుకుంటారు. గత నెల కరెంటు బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రికే సరఫరా నిలిపివేస్తాము, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అనే మోసపు సందేశం కొన్నేళ్లుగా దేశమంతా తిరుగుతున్నది. గల్ఫ్‌లోని కొడుకు పంపే డబ్బు కోసం ఎదురుచూసే తల్లి, ఇల్లు చీకటి అవుతుందన్న భయంతో ఆ నంబరుకు ఫోను చేస్తే, అవతలి వ్యక్తి ఓటీపీ అడుగుతాడు. అంతటితో ఖాతా ఖాళీ అవుతుంది. రంజాన్ మాసంలో జకాత్ కోరుతూ క్యూఆర్ కోడ్‌తో వచ్చే సందేశాలలోనూ నిజమైనవి, నకిలీవి కలిసే ఉంటాయి. జకాత్ హక్కుదారుకు చేరవలసిన సొమ్ము. ఏదైనా వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోమన్న హుజురాత్ సూరా 6వ ఆయతు బోధ ఇక్కడ మనకు నేరుగా పనికివస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. మన పేరు, నంబరు వారికి ఎలా చేరాయి? చాలా సందర్భాలలో ఇచ్చినది మన ఇంటివారే. పండుగ కొనుగోళ్ల వేళ బట్టల దుకాణంలోని లక్కీ డ్రా పెట్టెలో చీటీ వేస్తాము. ఆ చీటీలో పేరు, నంబరు, వీధి ఉంటాయి. ప్రదర్శనలో ఉచిత కానుక కోసం ఫారం నింపుతాము. దుకాణంలో బిల్లు వేసేటప్పుడు నంబరు చెప్పండి అనగానే ఆలోచించకుండా చెప్పేస్తాము. నంబరు ఇవ్వనిదే బిల్లు వేయబోమనడం అనుచిత వ్యాపార పద్ధతి అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో చిల్లర వ్యాపార వర్గాలకు స్పష్టం చేసింది. కనుక సబ్బు, పప్పు కొనడానికి మన ఫోను నంబరు అవసరం లేదు. నంబరు లేకుండానే బిల్లు వేయండి అని మర్యాదగా చెప్పే హక్కు మన ఇంటి స్త్రీలకు ఉన్నది. కౌంటరు ముందు నిలబడి తమ నంబరు పదిమందికి వినబడేలా చెప్పవలసిన పని వారికి ఎంతమాత్రమూ లేదు.

చట్టం కూడా ఈ దిశగా కదిలింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం మన సమాచారం వాడుకోవడానికి మన స్పష్టమైన సమ్మతి ఉండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవడం, ఇచ్చినంత సులభంగా ఉండాలి. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ముఖ్యమైన నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తాయి. అంతవరకు మన గడపను మనమే కాచుకోవాలి. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు.

ముందుగా కాగితం సంగతి. పత్రికలో కరపత్రాలు పెట్టించేది ఏజెంటు. ఉదయం సైకిలు మీద పత్రిక వేసే అబ్బాయిని కోప్పడి లాభం లేదు. నెల బిల్లు కట్టేటప్పుడు ఏజెంటుతో, మా ఇంటికి ప్రకటనల కాగితాలు వద్దు అని ఒక మాట చెప్పాలి. మొదటి నెల మరచిపోయినా రెండవసారి గుర్తుచేస్తే వింటారు. గేటు మీద కరపత్రాలు వేయవద్దు అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన చిన్న పలక తగిలించవచ్చు. మెట్ల దగ్గర అంతస్తుకొక పెట్టె ఏర్పాటు చేసి, దాని మీద ఆ కుటుంబం పేరు రాస్తే ఉత్తరాలు తారుమారు కావు. అద్దెవారు మారినప్పుడల్లా పేరు మార్చాలి.

ఇంటిపేరుతో వచ్చే ప్రకటనల కవరు మీద పంపినవారి చిరునామా సాధారణంగా ఉంటుంది. మీ జాబితా నుండి మా పేరు తొలగించండి అని వారికి ఒక ఉత్తరమో ఈమెయిలో రాయాలి. రాసిన తేదీ గుర్తుంచుకోవాలి. సాధారణ తపాలాలో వచ్చిన ప్రకటనను పుచ్చుకోకుండా తిరస్కరించే వీలు కూడా మనకున్నది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. సంతకం తీసుకుని ఇచ్చే ఉత్తరాన్ని ఎన్నడూ తిరస్కరించరాదు. కోర్టు నోటీసును పుచ్చుకోకుండా తిప్పి పంపితే, అది అందినట్లే న్యాయస్థానాలు సాధారణంగా పరిగణిస్తాయి. 2025లో తపాలాశాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసింది గనుక, ముఖ్యమైన ఉత్తరాలు ఇప్పుడు స్పీడ్ పోస్టు రూపంలోనే వస్తాయని ఇంటిల్లిపాదికీ తెలియాలి. అక్షరం చదవలేని నానీకి సైతం ఆ కవరును గుర్తుపట్టడం నేర్పాలి.

కొన్నిసార్లు అడగని క్రెడిట్ కార్డు కూడా కవరులో వస్తుంది. దాన్ని చూసి భయపడనక్కరలేదు. కోరకుండా కార్డు జారీ చేయడాన్ని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాలలో నిషేధించింది. అటువంటి కార్డు మీద రుసుము వసూలు చేస్తే, ఆ సొమ్మును రద్దు చేయడమే గాక, దానికి రెట్టింపు మొత్తం పరిహారంగా ఇవ్వాలి. వడ్డీ వ్యవహారానికి దూరంగా ఉండదలచిన కుటుంబం ఇంట్లోకి అటువంటి కార్డు అడగకుండా వచ్చి పడితే, దాన్ని వాడకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయడమే సరైన మార్గం.

కాగితాన్ని పారవేసే పద్ధతి మన ఇళ్లలో ఒక ప్రత్యేక సమస్య. రంజాన్ సహ్రీ, ఇఫ్తార్ వేళల పట్టికలను దుకాణదారులు తమ ప్రకటనలతో కలిపి అచ్చువేసి పంచుతారు. ఖుర్బానీ వాటాల కరపత్రం మీద బిస్మిల్లాహ్ ఉంటుంది. మాసం గడిచాక ఆ పట్టిక పనికిరాని కాగితమే. కాని దాని మీద అల్లాహ్ నామం ఉన్నది. దాన్ని చెత్త బండిలో వేయలేము, పకోడీల పొట్లంగా చూడలేము. అటువంటివి వేయడానికి కొన్ని మస్జిదులలో ప్రత్యేక పెట్టెలు ఉంటాయి. ఇంట్లో ఒక సంచి విడిగా పెట్టుకుని, అది నిండాక అక్కడ చేర్చవచ్చు. లేదా శుభ్రమైన చోట పూడ్చవచ్చు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రామాణిక ప్రతులు సిద్ధం చేయించిన తరువాత మిగిలిన ప్రతులను కాల్చివేయించిన వృత్తాంతం ఆధారంగా, గౌరవపూర్వకంగా దహనం చేయడాన్ని కూడా పలువురు పండితులు అనుమతించారు. ఏది అనుసరించాలో మీ మస్జిదు ఇమాము సాహెబును అడిగి తెలుసుకోవచ్చు. మిగిలిన కాగితాలను కబాడీకి వేసే ముందు పేరు, ఖాతా నంబరు ఉన్న భాగాన్ని ముక్కలుగా చించాలి.

ఇక ఫోను విషయం. టెలికాం నియంత్రణ సంస్థ 2007లోనే అవాంఛిత వాణిజ్య సందేశాలపై నియమాలు తెచ్చింది. 2010 నాటి నియమాలు రాత్రి 9 నుండి ఉదయం 9 వరకు ప్రకటనల ఫోన్లను, సందేశాలను నిషేధించాయి. 2018 నియమాలు ఏ రకం ప్రకటనలు, ఏ రోజుల్లో, ఏ వేళల్లో రావచ్చో నిర్ణయించే వీలును వినియోగదారులకే ఇచ్చాయి. అన్నిటినీ ఆపడానికి దారి తేలిక. సందేశంలో ఆంగ్ల అక్షరాలతో స్టార్ట్ అని టైపు చేసి, కాస్త ఖాళీ వదిలి, సున్న అంకె వేసి 1909కు పంపాలి. అదే నంబరుకు ఫోను చేసి కూడా నమోదు చేసుకోవచ్చు. ఇంట్లో ఎన్ని సిమ్ములు ఉంటే అన్నిటికీ విడివిడిగా చేయాలి.

ఆ తరువాత కూడా కొన్ని సందేశాలు వస్తాయి. బ్యాంకు లావాదేవీలు, ఓటీపీలు, ప్రభుత్వ సమాచారం ఆగవు, ఆగరాదు కూడా. వాటిని వేరుచేసి గుర్తించడానికి 2025 సవరణ ఒక మంచి ఏర్పాటు చేసింది. సందేశం పంపిన సంస్థ పేరు చివర ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది. పి అంటే ప్రకటన, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. పిల్లల చేత ఇంట్లోని పెద్దలకు ఈ నాలుగు అక్షరాలు నేర్పించండి. వద్దన్నా ప్రకటన వస్తే, అది వచ్చిన 7 రోజుల లోపు 1909కు ఫిర్యాదు చేయవచ్చు. ఇంతకుముందు ఈ గడువు 3 రోజులే ఉండేది.

వాట్సాప్ ఈ నమోదు పరిధిలోకి రాదు. అక్కడ మన కాపలా మనదే. సెట్టింగులలోని గోప్యత విభాగంలో, మనల్ని గ్రూపులలో ఎవరు చేర్చవచ్చో ఎంచుకునే చోట మన పరిచయస్తులు మాత్రమే అని పెట్టుకోవాలి. తెలియని ప్రకటనదారుని బ్లాక్ చేసి, ఫిర్యాదు మీట నొక్కాలి. మోసగాళ్ల ఫోన్లు, సందేశాల గురించి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో తెలియజేయవచ్చు. డబ్బు పోయినట్లు తెలిసిన మరుక్షణం 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారనే భయంతో దాచిపెట్టే అమ్మాయికైనా, తాతగారికైనా ముందుగానే ధైర్యం చెప్పి ఉంచాలి.

మన దేశ నియమాలలో ఒక లోపం గమనించదగినది. వద్దు అని చెప్పే బాధ్యత మన మీదే ఉన్నది. వద్దనేంతవరకు వచ్చేవారు వస్తూనే ఉంటారు. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2018 జనవరి 1 నుండి ఈ పద్ధతిని తిరగేసింది. పేరు లేని ప్రకటన కాగితాలు కావాలి అని పెట్టె మీద చీటీ అంటించిన ఇంట్లోనే వాటిని వేయాలి. చీటీ లేని ఇంటికి వేయరాదు. ముద్రణ, పంపిణీ వర్గాలు న్యాయస్థానానికి వెళ్లాయి. 2021 సెప్టెంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం నగరం పక్షానే నిలిచింది. గడప బయట నిలబడి మొదట అడగాలి, పిలిస్తేనే లోపలికి రావాలి అనే మర్యాద ఒక నగర చట్టమైనది. అన్-నూర్ సూరా చదివే మనకు ఆ మర్యాద వింత అనిపించదు.

చివరగా ఒక మాట. గడప నియమం వచ్చేవారికే గాక, పంపేవారికీ వర్తిస్తుంది. మన పాఠకులలో దుకాణదారులున్నారు, కోచింగు కేంద్రాలు నడిపేవారున్నారు. కరపత్రం అచ్చువేయించేటప్పుడు దాని మీద పవిత్ర నామాలు లేకుండా చూడండి. అది రేపు ఎవరి కాళ్ల కింద పడుతుందో తెలియదు. కొనుగోలుదారుల నంబర్లు మీ వద్ద అమానతు. వాటిని మరొకరికి ఇవ్వడం, అమ్మడం అమానతులో ద్రోహమే. పండుగ నమాజుకు మాదన్నపేట పాత ఈద్గాకు వచ్చే జనం చేతుల్లో కాగితం పెట్టే ముందు, ఆ కాగితం ఆ నేల మీదే మిగిలిపోతుందేమో ఆలోచించండి. అలాగే బంధువుల గ్రూపులలో రోజుకు పది శుభాకాంక్షల చిత్రాలు, నిర్ధారణ కాని వైద్య చిట్కాలు పంపే సోదరసోదరీమణులు, అవతలివారు వాటిని కోరారా అని ఒక్క క్షణం ఆగాలి. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అసత్యవాది కావడానికి చాలునని హదీసు హెచ్చరిస్తున్నది.

ఈ శుక్రవారం అసర్ తరువాత అరగంట కేటాయించండి. ఇంట్లోని ఫోన్లన్నీ ఒకచోట పెట్టి, ఒక్కొక్కదాని నుండి 1909కు సందేశం పంపండి. మెట్ల దగ్గర పెట్టె మీద పేరు రాయండి. పవిత్ర కాగితాల సంచి ఒక మేకుకు తగిలించండి. 1909, 1930 అనే రెండు అంకెలను వంటింటి తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. వచ్చే నవంబరులో పింఛను లేఖ వచ్చినప్పుడు, అది దాదీ చేతికి ఆ రోజే చేరాలి.